ఎడారిలో దారి తప్పినవాడు
(ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠం)



పండుగపూట ఎడారి ఊసేమిటని మీలో కొందరికి తోచవచ్చు. పచ్చడి తిని, పంచాంగం విని, చల్లగా కూర్చున్న వేళ దాహంతో అలమటించిన మనుషుల కథలు చెప్పడం తగునా అని మేమూ కొంత తర్కించుకొన్నాము. అయినా రెండు కారణాలచేత ఈ విషయమే తీసుకొన్నాము. మొదటిది, ఉగాది వచ్చిందంటే ఎండలు వచ్చాయన్నమాటే. రెండవది, మన యిళ్ళలోని పిల్లలు వెనుకటివలె సెలవులకు తిరుపతికో, పండరిపురానికో పోయి ఊరుకోవడం లేదు. జైసల్మేరు ఇసుకతిన్నెలమీద నడవడానికి పోతున్నారు. అమెరికాలో చదువుకొంటున్నవారు అరిజోనా, యూటా, కాలిఫోర్నియా ఎడారులలో వీపున సంచీ తగిలించుకొని కాలిదారులు పట్టి పోతున్నారు. తెలంగాణ జిల్లాలనుండి మన బంధుకోటిలోనివారెందరో గల్ఫు దేశాలకు పనికి పోయారు. వారిలో ఎడారి నడుమ ఒంటెలను, గొర్రెలను కాచేవారున్నారు, లారీలు తోలేవారున్నారు. కాబట్టి ఎడారి మనకు దూరపు మాట కాదు.

ఈ సభలో మేము చెప్పదలచినది ఒక్కటే. ఎడారిలో ఒంటరిగా దారి తప్పినవానికి కాళ్ళ బలం కొంతవరకే అక్కరకు వస్తుంది. అతనికి ఆగడం తెలిసి ఉండాలి. అతడు రాలేదే అని వేళకు గుర్తించే మనిషి మరొకచోట ఉండాలి. ఈ రెండూ ఎంత ముఖ్యమో జరిగిన సంగతులతోనే చెబుతాము.

1905వ సంవత్సరం ఆగస్టు నెల. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు నైరుతి మూల, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా, టినాహాస్ ఆల్టాస్ అనే చోటు ఉన్నది. ఆ స్పానిష్ పేరుకు ఎత్తుమీది నీళ్ళతొట్లు అని అర్థం. మన కొండలమీద రాతి దొనలు ఉంటాయే, అటువంటివే అవి. వాన పడినప్పుడు నిండి, నెలల తరబడి నీరు నిలుస్తుంది. చుట్టూ ఎంతో దూరం వరకు మరొక నమ్మకమైన నీటి ఆధారం లేదు. ఆ దొనల ప్రక్కగా పోయే బాటకు కమీనో దెల్ దియాబ్లో, అనగా దెయ్యపు బాట, అని పేరు. ఆ బాటమీద దాహంతో పోయినవారి సమాధులు అనేకం ఉండేవి.

ఆ వేసవిలో మెక్‌గీ అనే శాస్త్రజ్ఞుడు వాతావరణాన్ని పరిశీలించే నిమిత్తం ఆ దొనల దగ్గర బస వేసుకొని ఉన్నాడు. అతనికి తోడు పాపగో తెగకు చెందిన హోసే అనే ఆదివాసి. జాడ పట్టడంలో నేర్పరి. ఒకనాడు ఇద్దరు మనుషులు గుర్రాలమీద ఆ బసకు వచ్చారు. ఒకడు పాబ్లో వాలెన్సియా, 40 ఏండ్లవాడు, మంచి దేహపుష్టి గలవాడు. రెండవవాడు హేసూస్ రియోస్, వయసు మళ్ళినవాడు. వారు బంగారపు గని ఒకటి వెదకబోతున్నారు. దొనలలో నీరు నింపుకొని బయలుదేరారు.

చాలా దూరం పోయిన తరువాత, గుర్రాలకు నీరు చాలదని తోచి, పాబ్లో ఆ ముసలివానిని గుర్రాలతోపాటు వెనుకకు పంపాడు. దొనలవద్ద మళ్ళీ నీరు నింపుకొని వచ్చి, మరునాడు ఫలానా కొండకు అవతల తనను కలుసుకోవాలని ఏర్పాటు. తాను ఒక రోజుకు సరిపడే నీటితో కాలినడకన ముందుకు పోయాడు. ఆ ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. ఒకడు ఒకచోట వెదికాడు, మరొకడు మరొకచోట నిలిచాడు. అవధానంతో వినండి: ఈ ప్రమాదానికి మూలం ఎండా కాదు, ఇసుకా కాదు. కలుసుకొనే చోటు ఇద్దరి మనసులో ఒకటిగా లేకపోవడం.

రియోస్ ఒంటరిగా బసకు తిరిగివచ్చి సంగతి చెప్పాడు. హోసే గుర్రం ఎక్కి, దాని ఓపిక ఉన్నంతవరకు జాడపట్టి పోయి, మనిషి దొరకక తిరిగివచ్చాడు. ఆ ఎండలో ఆ కాస్త నీటితో అన్ని రోజులు ఎవడూ బ్రతకడు గనుక, పాబ్లోమీద ఆశ వదులుకొన్నారు.

ఆగస్టు 23వ తేదీ తెల్లవారుజామున మెక్‌గీకి బసలో ఏదో పెద్ద రంకె వినబడింది. అతడు, హోసే నీళ్ళు, మందులు తీసుకొని ఆ దిక్కుకు పరుగెత్తారు. ఎండిన వాగు ఇసుకలో పాబ్లో పడి ఉన్నాడు. ఒంటిమీద నూలుపోగు లేదు. కండలు తిరిగిన కాళ్ళుచేతులు ఎండుకట్టెలవలె అయ్యాయి. పెదవులు ముడుచుకొనిపోయి పళ్ళు బయటపడ్డాయి. నాలుక నల్లగా ఎండిపోయింది. చూపు వెలుగును చీకటినుండి వేరుచేసేపాటి మాత్రమే ఉన్నది. గట్టిగా అరిస్తే తప్ప వినబడదు. రాళ్ళకు, ముళ్ళకు గీసుకొన్న గాట్లు ఎన్నో ఉన్నాయి గాని ఒక్కదానినుండీ నెత్తురు రాలేదు. ఎండిన తోలుమీద గీతలవలె ఉన్నాయవి.

వారు అతని ఒంటిమీద నీళ్ళు పోసి రుద్దారు. నోట కొద్ది కొద్దిగా తడి చేశారు. ఒక గంటకు గానీ అతడు గుటక వేయలేకపోయాడు. ఒంటికి నీరు పట్టిన తరువాతనే ఆ గాట్లనుండి నెత్తురు కారడం మొదలయింది. ఒక రోజు నీటితో దాదాపు 7 రోజులు గడిపాడతడు. వంద మైళ్ళకు పైగా నడిచి, పాకి వచ్చాడు. ఒంటి బరువులో నాలుగవ వంతు పోయిందని మెక్‌గీ లెక్క వేశాడు. అటువంటివాడు ఆ నెలాఖరునాటికి యూమా పట్టణంలో కూర్చుండి పుచ్చకాయలు తింటున్నాడు. మెక్‌గీ ఈ వృత్తాంతమంతా 1906లో ఒక వైద్యపత్రికలో వ్రాశాడు. ఎడారి దాహాన్ని ఒక వ్యాధిగా వర్ణించిన ఆ వ్యాసాన్ని వైద్యశాస్త్రంవారు నేటికీ తలచుకొంటారు.

పాబ్లో ఎట్లా బ్రతికాడు? చాలావరకు రాత్రివేళ నడిచాడు. పగలు పొదల నీడన పడి ఉన్నాడు. ఎడారి తెలిసినవాడు గనుక దిక్కు పోగొట్టుకోలేదు. ముసలివాడు తనను కావాలనే వదిలిపోయాడని భ్రమపడి, వాని అంతు చూచేవరకు చావరాదని పట్టుదల పట్టాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గదా. కాని మొండితనం అతనిని ఆ వాగు ఇసుక వరకే తెచ్చింది. నీళ్ళు దగ్గరలోనే ఉన్నా, అక్కడికి చేరే శక్తి అతనిలో మిగలలేదు. ఆ తెల్లవారుజామున చెవి ఒగ్గి వినగల మనుషులిద్దరు అక్కడ ఉండబట్టి బ్రతికాడు. ఆ బస లేకుంటే బాటప్రక్కన మరొక సమాధి లేచేది.

ఇక శాస్త్రం ఏమంటున్నదో చూద్దాము. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ అడాల్ఫ్, అతని సహచరులు కాలిఫోర్నియా ఎడారిలో సైనికులతో అనేక పరీక్షలు జరిపి, 1947లో ఒక గ్రంథం వెలువరించారు. అందులో ఒక పట్టిక ఉన్నది. నీడలో పగటి వేడి 49 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నప్పుడు, నీరు బొత్తిగా లేని మనిషి కదలక నీడలో పడి ఉంటే సుమారు 2 రోజులు బ్రతకగలడు. అదే మనిషి, రాత్రివేళే అయినా సరే, అలిసిపోయేదాకా నడిస్తే ఒక్క రోజు. వేడి 38 డిగ్రీలయితే, కదలకుంటే 5 రోజులు, నడిస్తే 3 రోజులు. దీనినిబట్టి పాబ్లో ఎంత అరుదైనవాడో గ్రహించవచ్చు. అతని కథ విని ధైర్యం తెచ్చుకోవచ్చు గాని, అతని నడకను అనుకరించరాదు. మన రాజస్థానంలో ఫలోడి పట్టణంలో 2016 మే 19న 51 డిగ్రీల వేడి నమోదయింది. ఆ పట్టిక మన దేశపు ఎడారికీ వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

దాహం ఇంత త్వరగా ప్రాణం ఎందుకు తీస్తుంది? మన శరీరంలో సగానికి పైగా నీరే. ఒంటివేడి పెరగకుండా చెమట కాపలా కాస్తుంది. ఎండలో నడిచేవానికి గంటకు ఒక లీటరు దాకా చెమట పోవచ్చు. పొడిగాలిలో ఆ చెమట పుట్టీపుట్టగానే ఆరిపోతుంది గనుక, ఎంత పోయిందో మనిషికి తెలియదు. దాహం అనేది ఆలస్యంగా మేల్కొనే కావలివాడు. ఒంటి బరువులో నూటికి రెండు వంతుల నీరు పోయేసరికే పని చేసే శక్తి తగ్గుతుంది. నూటికి పది వంతులు పోయేసరికి మతి స్థిరం తప్పుతుంది. అప్పుడు ఎండమావి చెరువువలె కనబడుతుంది. బట్టలు విప్పి పారవేయాలనిపిస్తుంది. కాబట్టి ఆలోచించవలసినదంతా మతి స్థిరంగా ఉండగానే, అనగా దారి తప్పానన్న అనుమానం కలిగిన మొదటి గంటలోనే, ఆలోచించుకోవాలి.

ఆ మొదటి గంటలో చాలామంది ఏమి చేస్తారు? ఇంకా త్వరగా నడుస్తారు. అదుగో ఆ తిన్నె ఎక్కితే బాట కనబడుతుంది, ఇదుగో ఈ మలుపు తిరిగితే ఊరు వస్తుంది అనుకొంటూ పోతారు. తాము తిన్నగానే పోతున్నామని వారి నమ్మకం. ఆ నమ్మకం ఎంత వట్టిదో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యాన్ సౌమన్, అతని తోటివారు 2009లో ప్రకటించిన పరిశోధనవల్ల తేలింది. వారు జర్మనీలోని ఒక అడవిలో కొందరిని, ట్యునీసియా దేశపు సహారాలో కొందరిని తిన్నగా నడవమని పంపి, ఉపగ్రహాల సాయంతో వారి జాడలు గీచారు. సూర్యుడో చంద్రుడో కనబడినంతసేపు ఇంచుమించు తిన్నగా నడిచారు. మబ్బు పట్టిన అడవిలో మాత్రం గానుగెద్దులవలె తిరిగి, తాము నడిచిన దారినే మళ్ళీ దాటారు. దాటామన్న సంగతి కూడా వారికి తెలియలేదు. సహారాలో రాత్రివేళ నడిచినవాడు చంద్రుడు మరుగుపడగానే మళ్ళీ మళ్ళీ తిరిగి, వచ్చిన దిక్కుకే మొగం పెట్టాడు. కాబట్టి దారి తప్పానని తెలిసిన మనిషి మొదట చేయవలసినది ఆగడం. ఆగి, నీడ చూచుకొని, కూర్చుండి, ఊపిరి తీసుకొని, ఆఖరున తెలిసిన గుర్తు ఏది, ఎంతసేపటి క్రిందటిది అని నెమరు వేసుకోవడం. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరకే అనలేదు.

ఇటలీ దేశపు పోలీసు ఉద్యోగి మౌరో ప్రోస్పెరి కథ ఇందుకు తార్కాణం. 1994లో మొరాకో దేశంలో ఎడారి పరుగుపందెంలో ఆయన పాల్గొన్నాడు. అనేక రోజులు సాగే పందెమది. ఎవరి తిండి వారే మోసుకొని పరుగెత్తాలి. నడుమ ఇసుక తుపాను లేచింది. అటువంటప్పుడు ఉన్నచోటనే నిలిచిపోవాలి. ప్రోస్పెరి పందెంలో వెనుకబడతానేమోనని కదులుతూనే ఉన్నాడు. తుపాను తగ్గి చూచేసరికి బాట లేదు, మనిషి లేడు. ఒక విమానం పైనుండి పోయింది గాని ఆయనను చూడలేదు.

అప్పటినుండి ఆయన చేసిన పనులు గమనించండి. పాడుపడిన ఫకీరు సమాధి గుడి ఒకటి కనబడితే, అందులో తలదాచుకొన్నాడు. అక్కడి గబ్బిలాలను పట్టి వాటి నెత్తురు త్రాగాడు. వినడానికి రోతగా ఉన్నా, ప్రాణం మీదికి వచ్చినవాని సంగతి అది. తన దేశపు జెండాను గుడిమీద గుర్తుగా నిలిపాడు. ఒక దశలో నిరాశ చెంది ప్రాణం తీసుకోబోయి, బ్రతికి, దానిని దైవసంకేతంగా తీసుకొని మళ్ళీ ధైర్యం తెచ్చుకొన్నాడు. తరువాత తెల్లవారుజామున, సాయంకాలాన మాత్రమే నడుస్తూ, మండే ఎండలో నీడన పడి ఉంటూ, దూరాన తెల్లవారి కనబడే మబ్బుల దిక్కుగా సాగాడు. పది రోజులు కావస్తుండగా మేకలు కాచుకొనే ఎడారి జాతివారి కంట పడ్డాడు. అప్పటికి సరిహద్దు దాటి అల్జీరియాలో ఉన్నాడు. 15 కిలోలకు పైగా బరువు తగ్గాడు. ఆగనందువల్ల వచ్చిన ఆపద అది. ఆగడం నేర్చుకొన్నందువల్ల తప్పిన చావు కూడా అదే.

ఇక, ఆపదలో ఉన్నవాడు ఏమి చేయాలి, ఏమి చేయరాదు అన్నది పిల్లలు కూడా జ్ఞాపకం ఉంచుకొనేటట్లు నాలుగు మాటలలో చెబుతాము.

నీటిని దాచుకోరాదు, చెమటను దాచుకోవాలి. దగ్గర ఉన్న నీటిని చుక్క చుక్కగా లెక్కపెట్టి సీసాలో మిగిల్చి చచ్చిపోయినవారు ఉన్నారు. సీసాలోని నీరు ప్రాణం కాపాడదు, కడుపులోని నీరే కాపాడుతుంది. దాహమయినప్పుడు త్రాగండి. పొదుపు చేయవలసినది కదలికను. అడాల్ఫ్ బృందం తేల్చిన మరొక సంగతి, ఎండలో ఒంటిమీద వదులైన బట్టలు ఉన్నవానికి చెమట తక్కువ పోతుంది. అరబ్బులు, రాజస్థానీలు నిలువెల్లా బట్ట కప్పుకోవడం, తలపాగా చుట్టడం ఊరికే వచ్చిన ఆచారం కాదు. చొక్కా విప్పకండి. తల, మెడ కప్పుకోండి. నీరు లేనప్పుడు తిండి జోలికి పోకండి. తిన్నది అరగడానికి కూడా ఒంట్లోని నీరే ఖర్చవుతుంది.

నేలమీద పడుకోకండి. ఎండకు కాగిన ఇసుక గాలికన్నా ఎంతో వేడి. సంచీమీదనో, దుప్పటి మడతమీదనో, కొమ్మలమీదనో కూర్చోండి. ఎండిన వాగు చల్లగా ఉన్నదని అందులో నిద్రపోకండి. ఎక్కడో కొండలలో పడిన వాన చెప్పకుండా వాగై వస్తుంది. ఎడారిలో దాహంతోనే కాదు, వరదతో కూడా మనుషులు పోతారు. చలికాలపు రాత్రి వణికిస్తుంది గనుక పగటి వేడిని చూచి దుప్పటి వదలిరాకండి.

బొమ్మజెముడు వంటి మొక్కను కోస్తే నీళ్ళు వస్తాయనే సినిమా మాటలు నమ్మకండి. ఆ రసంతో చాలావాటికి వాంతులు, విరేచనాలు పట్టుకొని ఉన్న నీరు కూడా పోతుంది. గుంట త్రవ్వి, పైన ప్లాస్టిక్ కాగితం పరచి నీటి ఆవిరి పట్టే ఉపాయం పుస్తకాలలో కనబడుతుంది. దాహం వేసినప్పుడు బావి త్రవ్వినట్లే అది. గుంట త్రవ్వడానికి కార్చిన చెమటంత నీరు కూడా తిరిగి రాదు. సారా, బీరు అసలు ముట్టరాదు.

కనబడేటట్లు, వినబడేటట్లు ఉండండి. పిచ్చుక కళ్ళతో వెదికే విమానానికి కూడా ఒక్క మనిషి ఇసుకరేణువువలె ఉంటాడు. చిన్న అద్దం ఎండకు పట్టి త్రిప్పితే మైళ్ళ దూరానికి మెరుపు పోతుంది. ఈల ఊదడానికి గొంతు అక్కరలేదు. మూడు ఈలలు, మూడు మంటలు, మూడు రాళ్ళకుప్పలు ఆపదకు గుర్తు. ఎర్రని బట్ట ఒకటి పొదమీద పరచండి. మోటారు బండి చెడిపోయి నిలిచిపోతే బండిని వదలి పోకండి. వెదికేవారికి మనిషికన్నా బండి ముందు కనబడుతుంది. గల్ఫులో బండ్లు తోలే మనవాళ్ళకు ఇది తప్పక వ్రాసి పంపండి. బండి నీడన కూర్చోవాలి గాని, కాగిన బండి లోపల కూర్చోరాదు.

అటువంటివాడు దొరికినప్పుడు చేయవలసినది కూడా తెలిసి ఉండాలి. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు చల్లి విసరాలి. స్పృహ ఉంటే కొద్ది కొద్దిగా, ఉప్పు పంచదార కలిపిన నీళ్ళు గుటకలు గుటకలుగా పట్టించాలి. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. ఆపైన వైద్యుని చేతిలో పెట్టాలి.

ఇక మా ఉపన్యాసంలోని రెండవ మాటకు వస్తాము. ఇది నడిచేవారికన్నా ఇంటివద్ద ఉండేవారికి ఎక్కువ పనికివచ్చేది.

2003 ఏప్రిల్ 26న ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడు యూటా ఎడారిలోని ఇరుకైన కొండచీలికలో ఒంటరిగా నడుస్తుండగా, పెద్ద బండ ఒకటి కదలి అతని కుడిచేతిని గోడకు నొక్కిపెట్టింది. మంచి నేర్పరి, దారి తప్పినవాడు కూడా కాదు. కాని ఎక్కడికి పోతున్నదీ ఎవరితోనూ చెప్పలేదు. అయిదు రోజులకు పైగా కొద్దిపాటి నీటితో అక్కడే నిలిచి, మరి దారి లేక, మే 1న తన చేతిని తానే కోసుకొని బయటపడ్డాడు. అప్పటికి అతని తల్లి, పనిచేసేచోటివారు కుర్రవాడు రాలేదేమని ఆరా తీసి, అధికారులను కదిపి ఉన్నారు. అతని బండి నిలిపిన చోటు దొరికింది. అందువల్లనే హెలికాప్టరు ఆ లోయలోకి వచ్చి, నడిచి వస్తున్న అతనిని ఎక్కించుకొన్నది. బయలుదేరేముందు ఇంట్లో ఒక్క చీటీ వ్రాసి పెట్టి ఉంటే, ఆ వెదుకులాట ఎన్ని రోజుల ముందు మొదలయ్యేదో మీరే ఆలోచించండి.

ఆ చీటీలో వ్రాయవలసినవి ఎక్కువ లేవు. ఎక్కడ బయలుదేరుతున్నాము, ఏ దారిన, ఎక్కడికి చేరతాము, ఎన్ని గంటలకు తిరిగివస్తాము, బండి ఎక్కడ నిలుపుతాము, ఎంత నీరు తీసుకొన్నాము, ఏ రంగు బట్టలు వేసుకొన్నాము. అన్నిటికన్నా ముఖ్యం, ఎన్ని గంటలవరకు కబురు రాకుంటే వెదకమని చెప్పాలో. చీటీలో వ్రాసిన దారిని నడుమ మార్చరాదు. మార్చితే మళ్ళీ చెప్పాలి. పాబ్లో, రియోస్‌ల కథలో తప్పిపోయినది ఈ ఒక్క ఏర్పాటే గదా.

సెల్‌ఫోను ఉన్నది గదా అని మా పిల్లలు అడుగుతారు. ఫోను మంచిదే. కాని మనుషులు లేనిచోట ఫోనుకు సంకేతం కూడా ఉండదు. ఎండకు కాగితే అది తానే మూగబోతుంది. పటం చూపే యంత్రం, బాట లేనిచోట బాట ఉన్నదని చెప్పి ఇసుకలోకి నడిపించిన సందర్భాలున్నాయి. ఉపగ్రహపు ఫోనులు కొన్ని దేశాలలో ప్రాణాలు కాపాడుతున్నాయి గాని, మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని వాడరాదని చట్టం. కాబట్టి కాగితపు పటం, దిక్సూచి, తోడుగా ఆ ప్రాంతం ఎరిగిన ఒక మనిషి, ఈ మూడింటికి సాటి వచ్చేది ఇంకా రాలేదు. సాధ్యమైనంతవరకు ఒంటరిగా పోకుండా ఉండటమే మొదటి మందు.

ఇంటివద్ద ఉన్నవారికి ఒక మనవి. చెప్పిన వేళ దాటితే, నలుగురిలో నవ్వులపాలవుతామేమో, వాడు కులాసాగా ఎక్కడో కూర్చున్నాడేమో అని జాగు చేయకండి. మన దేశంలో అయితే 112కు, అమెరికాలో అయితే 911కు వెంటనే చెప్పించండి. అబ్బాయి నవ్వుతూ తిరిగివస్తే నాలుగు చీవాట్లు పెట్టి అన్నం పెట్టవచ్చు. వెదుకులాట ఒక రోజు ఆలస్యమయితే ఆ అవకాశం ఉండకపోవచ్చు. పైన చెప్పిన పట్టికలో ఒక రోజు అంటే ఎంతో మీరు విన్నారు.

ముగించేముందు ఒక చెట్టును గురించి చెప్పాలి. రాజస్థానపు ఎడారిలో ఖేజ్రీ అనే చెట్టు ఉన్నది. ఎంత ఎండలోనైనా పచ్చగా ఉండి, మనిషికి, పశువుకు నీడ ఇస్తుంది. అక్కడివారు దాని కాయలను కూర వండుకొంటారు. అది ఆ రాష్ట్ర వృక్షం. అదే చెట్టును గల్ఫులో గాఫ్ అంటారు. ఎమిరేట్స్ దేశానికి అది జాతీయ వృక్షం. అదేదో కాదు, మన జమ్మిచెట్టే. తెలంగాణకు కూడా అదే రాష్ట్ర వృక్షం. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు దాచినది జమ్మిమీదనే గదా. దసరానాడు మనం ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టే చెట్టు, ఎడారిలో దారి తప్పిన మన పిల్లవానికి నీడ ఇవ్వగల చెట్టు ఒక్కటే. కనుక పిల్లలకు ఆ చెట్టును ఆకు చూచి గుర్తు పట్టడం నేర్పండి. ఈ సంఘంవారు చోటు దొరికినచోట ఒక జమ్మిమొక్కను నాటించినా బాగుంటుంది.

మన తాతముత్తాతలు ఊరు వదలి ఈ దేశాలకు వచ్చినప్పుడు, ముందుగా వచ్చినవాడు వెనుక వచ్చేవానికోసం రైలుస్టేషనులో నిలిచేవాడు. ఫలానా బండికి రావలసినవాడు దిగకపోతే ఊరికి కార్డు వ్రాసేవాడు. అప్పుడు కట్టుకొన్న ఆ అలవాటే ఇటువంటి సంఘాలకు పునాది. దూరదేశంలో ఉన్న మన పిల్లలు ఏ దారిన పోయినా, వారు తిరిగి రావలసిన వేళ ఎవరో ఒకరికి తెలిసి ఉండేటట్లు చూడడం మన చేతిలో పని. ఈ సాయంకాలం ఇంటికి పోయిన తరువాత, దూరాన ఉన్న మీ పిల్లలకు ఫోను చేసి శుభాకాంక్షలు చెప్పేటప్పుడు, ఎక్కడికైనా నడవబోతే ముందు మాకు చెప్పి పొమ్మని ఒక్క మాట కలపండి.

మీకందరికీ, మీ పిల్లాపాపలకు, ఈ సంవత్సరం చల్లగా గడవాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.